బెయిల్ వచ్చింది, షూరిటీ ఎవరిస్తారు?

మన దగ్గర బెయిల్ మీద చర్చంతా పేరున్నవాళ్ల కేసుల చుట్టూనే తిరుగుతుంది. ఎవరికి ఇచ్చారు, ఎవరికి ఇవ్వలేదు, ఎన్ని నెలలు లోపల ఉన్నారు అని టీవీల్లో గంటలకొద్దీ మాట్లాడుకుంటాం. కోర్టు బెయిల్ ఇచ్చాక కూడా జైల్లోనే ఉండిపోయేవాళ్ల ఊసు మాత్రం రాదు. వాళ్లను వదలడానికి న్యాయమూర్తి ఒప్పుకున్నారు. షూరిటీ దొరకలేదు, అంతే.

కింది కోర్టు ఉత్తర్వుల్లో తరచుగా కనిపించే షరతు ఇది: ఫలానా మొత్తానికి సొంత పూచీకత్తు (వాయిదాకు రాకపోతే ఆ సొమ్ము కడతానని ముద్దాయే రాసిచ్చే హామీ), అంతే మొత్తానికి ఇద్దరు జామీనుదారులు, అంటే షూరిటీలు. ఆ ఇద్దరూ కోర్టుకొచ్చి ఆస్తి కాగితాలో, జీతం సర్టిఫికెట్టో చూపించాలి. ముద్దాయి వాయిదాలకు రాకపోతే ఆ సొమ్ము తామే కడతామని సంతకం పెట్టాలి. సొంతూళ్లో పలుకుబడి ఉన్నవాడికి ఇది ఒక్కపూట పని. పరాయి రాష్ట్రంలో అరెస్టయిన వలస కూలీకి తెలిసినవాళ్లంతా అతనిలాంటి కూలీలే. వాళ్లు చూపించడానికి ఏ కాగితం ఉంటుంది?

ఇది కొత్తగా బయటపడ్డ సమస్యేమీ కాదు. 1978లో మోతీరాం అనే తాపీమేస్త్రీ కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. మధ్యప్రదేశ్‌లో మేజిస్ట్రేట్ అతన్ని పదివేల రూపాయల షూరిటీ అడిగారు. అన్నదమ్ముడు ముందుకొస్తే, అతనూ అతని ఆస్తీ వేరే జిల్లాలో ఉన్నాయని ఒప్పుకోలేదు. జస్టిస్ కృష్ణయ్యర్ దాన్ని తప్పుబట్టి, వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద వదలమన్నారు. ఆ మరుసటి ఏడాదే హుస్సేనారా ఖాతూన్ కేసులో బీహార్ జైళ్ల సంగతి బయటికొచ్చింది. నేరం రుజువైతే పడే గరిష్ఠ శిక్ష కన్నా ఎక్కువ కాలం విచారణ ఖైదీలుగానే గడిపినవాళ్లు అక్కడ ఉన్నారు. ఇన్ని దశాబ్దాల తర్వాత, జాతీయ నేర గణాంకాల బ్యూరో 2022 జైలు లెక్కల ప్రకారం, దేశంలోని ఖైదీల్లో దాదాపు 76 శాతం మంది విచారణ ఖైదీలే. అంటే నాలుగు లక్షల ముప్పై వేలకు పైగా మనుషులు. వీళ్లలో కఠిన చట్టాల కింద ఉన్నవాళ్ల సమస్య వేరు, అక్కడ అసలు బెయిల్ రావడమే కష్టం.

చట్టంలో దారి లేదా అంటే, ఉంది. బెయిల్ హక్కుగా దొరికే (బెయిలబుల్) కేసుల్లో అరెస్టయిన వారంలోగా షూరిటీ తేలేకపోతే అతను నిరుపేదే అనుకుని సొంత పూచీకత్తు మీద వదలాలి. బెయిల్ వచ్చి నెలయినా బాండ్లు ఇవ్వలేకపోతే షరతులు సడలించే విషయం కోర్టే ఆలోచించవచ్చని 2023 జనవరి 31న సుప్రీంకోర్టు చెప్పింది. స్థానిక షూరిటీయే కావాలని పట్టుబట్టడం వల్ల విడుదల ఆలస్యమవుతోందని కూడా అంది. 2024 జులైలో పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్ష సంహిత 479వ సెక్షన్ ఇంకో మెట్టు ఎక్కింది. గతంలో శిక్ష పడనివాళ్లు గరిష్ఠ శిక్షలో మూడో వంతు జైల్లో గడిపితే షూరిటీ లేని బాండ్ మీదే వదలాలి. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు, ఒకటి కన్నా ఎక్కువ కేసులున్నవాళ్లకు ఇది వర్తించదు. మూడేళ్ల శిక్ష పడే దొంగతనం కేసులో మూడో వంతంటే ఏడాది. నేరం రుజువు కాకముందే ఒక ఏడాది! ఏడాది తర్వాత నమ్మగలిగిన మనిషిని మొదట్లోనే ఎందుకు నమ్మలేకపోయాం?

2023లో కేంద్రం పేద ఖైదీల కోసం ఒక పథకం తెచ్చింది. బెయిల్ సొమ్ము కట్టలేనివాళ్లకు ఒక పరిమితి వరకు (మొదట్లో అది 40 వేల రూపాయలు) ప్రభుత్వమే కడుతుంది. దానివల్ల ఒక్కరు బయటికొచ్చినా నాకు సంతోషమే. అయితే సొమ్ము పోతుందన్న భయమే మనిషిని వాయిదాకు రప్పిస్తుందన్నది కదా షూరిటీ వెనకున్న వాదన? ప్రభుత్వ సొమ్ము పోతే అతనికేం భయం? అయినా వదులుతున్నామంటే, డబ్బు లేకుండా కూడా వదలొచ్చని మనమే ఒప్పుకున్నట్టు.

వదిలేస్తే పారిపోతారన్న భయాన్ని నేను కొట్టిపారేయను. బాధితుల వైపు నుంచి చూస్తే అది న్యాయమైన భయమే. కానీ 1961లో న్యూయార్క్‌లోని మన్‌హటన్‌లో ఈ సంగతి పరీక్షించి చూశారు. ముద్దాయికి కుటుంబం ఉందా, ఒక చోట ఎంతకాలంగా ఉంటున్నాడు, ఏం పని చేస్తున్నాడు అని వాకబు చేసి, నమ్మదగ్గవాళ్లను డబ్బు అడక్కుండా వదలమని సిఫారసు చేశారు. అలా బయటికి వెళ్లినవాళ్లలో దాదాపు అందరూ వాయిదాలకు తిరిగొచ్చారు. అమెరికాలో 1966 నాటి బెయిల్ సంస్కరణల చట్టానికి ఆ అనుభవమే ఊతమిచ్చింది. ఇల్లినాయ్ రాష్ట్రమైతే 2023 సెప్టెంబర్‌లో నగదు బెయిల్‌ను పూర్తిగా రద్దు చేసింది.

ఆ వాకబు మన దగ్గరా చేయవచ్చు. రిమాండ్ రోజునే ఉచిత న్యాయ సహాయ లాయరు ముద్దాయి ఇల్లు, కుటుంబం, పని వివరాలు రాసి ఫైల్లో పెట్టాలి. బెయిల్ ఇచ్చే మేజిస్ట్రేట్ మొత్తం ఎంతో రాసేముందు ఆ కాగితం చదవాలి, ఈ మనిషి ఇంత తేగలడా అని అక్కడే అడగాలి. తేలేనంటే సొంత పూచీకత్తుతో సరిపెట్టాలి. బెయిల్ వచ్చి వారం దాటినా బయటికి రానివాళ్ల జాబితా జైలు సూపరింటెండెంట్ నుంచి జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లాలి. అక్కడి నుంచి అది అదే మేజిస్ట్రేట్ బల్ల మీదికి రావాలి.