తలల లెక్క గారికి, తప్పిపోయిన తల రాయునది

మహారాజశ్రీ తలల లెక్క గారికి,

మా విశ్రాంత ఉద్యోగుల సంఘం మొన్న ఆదివారం జరిపిన ఒక రోజు విహారయాత్రలో తమరు నాలుగుసార్లు దర్శనమిచ్చారు. మూడోసారి నన్ను దారి పక్క మరుగుదొడ్ల దగ్గర వదిలేసి వెళ్లారు. చేతుల తడి అప్పుడే ఆరింది గాని కోపం ఇంకా ఆరలేదు కనుక ఈ లేఖ.

ఆ రోజు జరిగిన తక్కిన వాటి మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. సరిగ్గా ఏడు గంటలకన్న బస్సు ఎనిమిదింపావుకు కదలడం మాకు అలవాటే. రెండు మోకాళ్లలో ఒకటే మాట వినే మనుషులను చక్కటి దృశ్యం చూపిస్తామని తీసుకెళ్లి 212 మెట్ల ముందు దించడాన్నీ క్షమించాను. వయసు మీద పడ్డాక ముందుగా వినబడకుండా పోయేవి కీచు శబ్దాలే కాబట్టి మైకు వేసిన ఈల మాలో సగం మందికి చేరనే లేదు. ఉపన్యాసం మాత్రం అందరికీ చేరింది. ఐక్యరాజ్యసమితి 1990లో అక్టోబరు 1ని అంతర్జాతీయ వృద్ధుల దినంగా ప్రకటించిందని వక్తగారు మూడుసార్లు గుర్తుచేశారు. ప్రపంచం మాకు ఏడాదిలో ఒక రోజంతా రాసిచ్చింది సరే, మరుగుదొడ్డి దగ్గర మా కార్యదర్శిగారు పదిహేను నిమిషాలకు మించి ఇవ్వలేకపోయారు.

మేము 41 మందిమి, తలుపులు రెండు. మనిషికి మూడు నిమిషాలు వేసుకున్నా గంట దాటుతుంది. ఉద్యోగ జీవితమంతా ఇతరుల లెక్కల్లో తప్పులు పట్టిన కార్యదర్శిగారికి ఈ గుణకారం తట్టకపోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. పైగా మాలో మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే నీటి మాత్రలు వేసుకునేవాళ్లు ఎంతమందో ఆయన ఎరుగుదురు. ఫ్యూరోసెమైడ్ లాంటి మాత్ర గంటలోపే పని మొదలుపెట్టి ఆరు గంటల దాకా మనిషిని వదలదు. పొద్దున వేసుకోవలసిన ఆ మాత్రను, డాక్టరును అడగకుండా, నా అతితెలివితో మధ్యాహ్నానికి జరిపాను కాబట్టి తప్పులో నా వాటా కొంత ఉందని ఒప్పుకుంటున్నాను. అందుకే వరుసలో ఆఖరివాణ్ణయ్యాను.

నేను లోపల ఉండగా బస్సులో తమరి ఊరేగింపు జరిగిందట. కార్యదర్శిగారు సీట్ల నడుమ నడుస్తూ, పెదవులు కదుపుతూ, ఒక్కొక్క సీటు వీపు తడుతూ లెక్కించారు. మొదటిసారి 40 వచ్చింది. తనను తాను మరిచానేమోనని మళ్లీ లెక్కిస్తే 42 వచ్చింది. మూడోసారి 41 రాగానే, పరీక్షలో జవాబు ముందే తెలిసిన విద్యార్థిలా, అక్కడితో ఆపి "రైట్" అన్నారు. ఆ 41వ తల, నా సీటులో నా తువ్వాలే ముఖాన కప్పుకుని నిద్రపోతున్న క్లీనరు అబ్బాయిది.

నేను బయటికి వచ్చేసరికి వెనక ఎర్ర దీపాలు మలుపు తిరుగుతున్నాయి. కళ్లజోడు, ఫోను, మాత్రల డబ్బా, అన్నీ సంచిలో, సంచి బస్సులో. ఏమయ్యా తలల లెక్కా, ఇక మర్యాద నా వల్ల కాదు! నీకు ముఖాలు అక్కరలేదా? పేర్లు అక్కరలేదా? కార్యదర్శిగారి జేబులో 41 పేర్ల కాగితం ఉంది; గట్టిగా చదివి ఉంటే రెండు నిమిషాల పని. నీ కాకిలెక్కకు నెరిసిన తలలన్నీ ఒక్కటే అయితే, గుమ్మడికాయలు ఎక్కించుకుని తిరుగు!

నేను లేనని కనిపెట్టింది నువ్వు కాదు, నా ఫోను. సాయంత్రం ఆరు గంటల మాత్ర కోసం పెట్టుకున్న అలారం సంచిలో మోగి మోగి, ఆపే దిక్కు లేక అందరి ప్రాణం తీశాక, సంచి ఎవరిదన్న ప్రశ్న పుట్టింది. గంటా పది నిమిషాల తర్వాత బస్సు తిరిగొచ్చింది. కార్యదర్శిగారు దిగి, నా చేయి పట్టుకుని, "లెక్క సరిపోయిందండీ మాస్టారూ" అన్నారు. అది క్షమాపణో, నా మీద ఆరోపణో నాకు తెలియలేదు. నేను ఎక్కగానే మళ్లీ లెక్కించారు. 42 వచ్చింది. ఎవరో ఒకరు ఎక్కువయ్యారంటూ అందరూ నా వైపే చూశారు.

ముప్పై నాలుగేళ్లు హాజరు పట్టీలో సంతకం పెట్టినవాణ్ణి. పదవీ విరమణ మర్నాడు పొద్దున, నేను వచ్చానా రాలేదా అని అడిగేవాళ్లు ఎవరూ లేకపోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. తప్పో ఒప్పో, సీటు వీపు తట్టి మరీ నన్ను లెక్కలో వేసుకునేదానివి ఇప్పుడు నువ్వొక్కతెవే. కనుక వచ్చే నెల యాత్రకూ పేరు ఇచ్చాను. నా సీటు నంబరు 17. ఈసారి తువ్వాలు ఎత్తి చూడు.

ఇట్లు,
41లో లేని 41వ వాడు