శ్రీ 'మార్చి చూద్దాం' గారికి

మహారాజశ్రీ 'మార్చి చూద్దాం' గారి దివ్యసముఖమునకు,

అంబాజీపేట దగ్గర ఒక లారీ ఓనరు నమస్కరించి రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, ఆ 'ఉభయ'లో నా వంతు పదకొండు రోజులు షెడ్డులో బానెట్ తెరుచుకుని నిలబడింది. మీ వంతు కులాసాయే అని తెలుసు. కోనసీమలో ఏ షెడ్డు ముందు ఆగినా మీ పేరే వినిపిస్తోంది.

జరిగింది మీకు తెలియంది కాదు. అయినా లోకం కోసం ఒకసారి చెప్పుకుంటాను. మా పాత ఇంజిన్ డీజిల్ కంటే ఆయిల్ ఎక్కువ తాగడం మొదలుపెట్టింది. తాగిందంతా నీలం పొగగా వదిలింది. బోరింగు చేయిస్తే ఎంత, అదే మోడల్ సెకండ్ హ్యాండ్ ఇంజిన్ అయితే ఎంత అని లెక్కలేసుకుని బెజవాడ ఆటోనగర్ నుంచి ఇంకో ఇంజిన్ తెచ్చాం. దించడానికి ఒక రోజు, ఎక్కించడానికి రోజున్నర. కొబ్బరికాయ కొట్టాం. కొబ్బరి లోడు తోలే బండికి కాయలకేం కొదవ! నాలుగు నిమ్మకాయలు టైర్ల కింద పెట్టి తాళం తిప్పాను.

'టక్' అంది.

అంతే. లైట్లు వెలుగుతున్నాయి. హారన్ కొడితే పక్క తోటలో కొంగలు లేచిపోయాయి. ఇంజిన్ మాత్రం కదల్లేదు. నిమ్మకాయలు నిమ్మకాయల్లాగే ఉన్నాయి.

సరిగ్గా అప్పుడు తమరు వేంచేశారు, మా మేస్త్రి నోట్లోంచి. "బ్యాటరీలు పాతవి కదండీ, మార్చి చూద్దాం" అన్నారు. ఎంత మర్యాదగా అన్నారండీ! 'మార్చండి' అనలేదు. 'చూద్దాం' అన్నారు, ఖర్చు ఇద్దరం చెరి సగం పెట్టుకుంటున్నట్టు. పన్నెండు వోల్టులవి రెండు, వరసగా కలిపితే ఇరవై నాలుగు. కొత్త జత వచ్చింది. తాళం తిప్పితే, కొత్త బ్యాటరీలు కదా, 'టక్' కాస్త గట్టిగా వినిపించింది.

తర్వాత ఇంజిన్‌ని మొదట తిప్పే సెల్ఫ్ మోటారు. విప్పి వైండింగ్ షాపుకి పట్టుకెళ్లాం. అక్కడ బల్ల మీద పెట్టి బ్యాటరీ తగిలిస్తే గిర్రున తిరిగింది. తెచ్చి లారీకి బిగిస్తే మళ్లీ అదే టక్. బుద్ధున్నవాడు ఇక్కడ ఆగి, బల్ల మీద ఉన్నదేంటి, బండిలో లేనిదేంటి అని ఆలోచించాలి. ఆలోచించబోయాను కూడా. మీరు నా భుజం మీద చెయ్యేశారు. "బల్ల మీద తిరగడం వేరండీ, లోడు పడితే వేరు. లోపల అరిగుంటుంది. మార్చి చూద్దాం." మార్చాం.

మధ్యలో ఇంజిన్ పట్టేసిందేమోనని ఒక అనుమానం వచ్చింది. మా క్లీనర్ కుర్రాడు ముందున్న కప్పీ నట్టుకి పెద్ద పానా వేసి తిప్పాడు. ఇంజిన్ శుభ్రంగా తిరిగింది. ఆ పదకొండు రోజుల్లో ఏమీ మార్చకుండా చూసిన పని అదొక్కటే. అందుకే వాడి మాట ఎవరూ పట్టించుకోలేదు.

తర్వాత డీజిల్లో ఎయిర్ పట్టిందన్నారు. చేతి పంపు నొక్కి నొక్కి, లైనులో ఒక్క బుడగ లేకుండా తీశారు. సెల్ఫ్ తిప్పనే తిప్పని ఇంజిన్‌కి డీజిల్లో ఎయిర్ ఉంటే ఏంటి, లేకపోతే ఏంటి? వంట చేసేవాడు రాకముందే ఉప్పు సరిపోయిందా అని అడగడం లాంటిది. పైగా డీజిల్ ఫిల్టర్ కూడా మార్చాం. ఎలాగూ విప్పాం కదా అన్నారు మీరు.

ఈలోగా దారిన పోయేవాళ్లు. గోదారోళ్ల మర్యాద గురించి చెప్పాలా! బండి ఆగిపోయిందంటే ఒక్కడు ఊరికే వెళ్లడు. సైకిలు దిగి, టీ తాగి, "ఆయ్, మా బావ బండికీ ఇంతేనండి, రిలే మార్చారు" అని చెప్పి గానీ కదలడు. ఆ బావలందరి బండ్లకీ మార్చినవన్నీ మేమూ మార్చాం.

ఏడో రోజు ట్రాక్టరు కట్టి కాలువ గట్టు మీద లాగించాం. అటు కాలువ, ఇటు వరి చేను, వెనక స్టీరింగ్ పట్టుకుని నేను. టెన్షన్‌తో నాకు చెమటలు పట్టాయి గానీ ఇంజిన్ మాత్రం అందుకుంది! ఆపితే మళ్లీ ట్రాక్టరు కావాలని రావులపాలెం దాకా వెళ్లి ఆపకుండా తిరిగొచ్చాను. టీ దగ్గర కూడా గుర్రుమంటూనే ఉంది. కానీ ఛార్జింగ్ లైటు ఆరలేదు. ఏముంది, బ్యాటరీలకి ఛార్జింగ్ ఇచ్చే ఆల్టర్నేటర్ మార్చి చూశాం. ఆ లైటు ఇంకా వెలుగుతూనే ఉంది.

అసలు సంగతి తొమ్మిదో రోజునే బయటపడాల్సింది. నేను సెల్ఫ్ కొడుతుంటే క్లీనర్ కుర్రాడు యాక్సిలరేటర్ కేబుల్ మీద చెయ్యి పెట్టి "అమ్మో" అని ఎగిరాడు. కేబుల్ పెనంలా కాలుతోంది. తాళం తిప్పితే ఇంజిన్ తిరగలేదు గానీ, కరెంటుతో సంబంధం లేని తీగ వేడెక్కింది! ఇంతకంటే పెద్ద సూచన ఎవరిస్తారు? మీరేమన్నారో గుర్తుందా? "కేబుల్ పాడైనట్టుందండీ..." మిగతాది నేనే పూర్తి చేశాను.

పదకొండో రోజున రొయ్యల చెరువుల దగ్గర నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు బాగుచేసే కుర్రాడొకడు వచ్చాడు. నాకు అప్పిచ్చాడు, వసూలుకి వచ్చాడు. డబ్బులు ఎందుకు లేవో చెప్పడానికి బండి చూపించాను. జేబులోంచి మీటరు తీశాడు. ఒక కొస ఇంజిన్ ఇనుము మీద, ఒక కొస బ్యాటరీ మైనస్ మీద పెట్టి, "కొట్టండి బాబాయ్ గారూ" అన్నాడు. కొట్టాను. పదిహేడు వోల్టులు చూపించింది. అక్కడ అర వోల్టు కూడా ఉండకూడదట.

"వచ్చే దారి అందరూ చూశారు బాబాయ్ గారూ, పోయే దారి ఎవరైనా చూశారా?"

డెల్టాలో పుట్టినవాడికి ఇది ఒకడు చెప్పాలా? 1852కల్లా కాటన్ దొర ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టి కాలువలు పారించాడు, సరే. నీళ్లొస్తే చాలదని, మురుగు కోడు పూడిపోతే చేను మునుగుతుందని ఇక్కడ ప్రతి రైతుకీ తెలుసు. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పిన బాధల్లో మురుగూ ఒకటి. బ్యాటరీ నుంచి సెల్ఫుకి తీగ కాలువ. తిరిగి వెళ్లడానికి ఇంజిన్ నుంచి, బ్యాటరీ మైనస్ కలిపి ఉండే ఛాసీకి, అంటే బండి ఇనుప చట్రానికి, అల్లిన రాగి పట్టీ ఒకటి ఉంటుంది, జానెడు పొడుగు. అది మురుగు కోడు. ఇంజిన్ కూర్చునేది రబ్బరు మౌంటింగుల మీద కాబట్టి ఆ పట్టీ లేకపోతే కరెంటుకి సరైన దారి లేదు. దొరికిన సందులోంచి, అంటే పాపం ఆ యాక్సిలరేటర్ కేబుల్లోంచి దూరి వెళ్తోంది. లైట్ల ఎర్తు, అంటే కరెంటు తిరిగెళ్లే దారి, ఛాసీకే ఉంది కాబట్టి అవి వెలిగాయి. ఆల్టర్నేటర్‌కీ ఇంజినే ఎర్తు, అందుకే ఛార్జింగ్ లైటు ఆరలేదు.

పట్టీ ఎక్కడుంది? పాత ఇంజిన్‌కే వేలాడుతూ పాత సామాను కొట్టుకి వెళ్లిపోయింది. మీరు మార్చనిది అదొక్కటే, ఎందుకంటే మార్చడానికి అది లేదు.

బ్యాటరీ మైనస్ నుంచి ఇంజిన్‌కి లావుపాటి జంపర్ తీగ వేసి తాళం తిప్పితే సగం చుట్టుకే అందుకుంది. పరిగెత్తుకుంటూ కొట్టుకెళ్లాను. ఇనుము తూకంలో అమ్మిన పట్టీని రాగి తూకంలో కొనుక్కున్నాను. మా ఉప్పుగాలికి ఛాసీ మీద పట్టిన తుప్పు గీకి, మెరిసే ఇనుము కనిపించాక బిగించాం. ఛార్జింగ్ లైటు కూడా ఆరింది.

ఒక చిన్న సందేహం, పెద్దవారు కాబట్టి అడుగుతున్నాను. మీ పేరులో చూడటం మార్చడం తర్వాతే ఎందుకొచ్చిందండీ? మీ దాయాది 'చూసి మారుద్దాం' గారని ఒకరున్నారట. మా వైపు ఎప్పుడూ రాలేదు. వారి చిరునామా ఉంటే పంపగలరు.

తమరి సామాను మా అరుగు మీద ఉంది: సెల్ఫ్ ఒకటి, ఆల్టర్నేటర్ ఒకటి, రిలేలు మూడు, కేబుల్ ఒకటి, పాత బ్యాటరీల జత. అన్నీ పనిచేస్తున్నాయి, పరీక్ష చేయించాను. కరెంటు సామాను వెనక్కి తీసుకునేది లేదని షాపువాళ్లు అన్నారు. ఆల్టర్నేటర్ అట్టపెట్టెలో మా కోడి పొదిగింది, దాన్ని మాత్రం ఇరవై రోజులు కదపలేం. మిగతావి వీలు చూసుకుని పట్టుకెళ్లండి. సంచి మీరే తెచ్చుకోండి.

ఇట్లు,
ఆర్సీలో ఇంజిన్ నంబరు మార్పించుకునే పని ఇంకా మిగిలున్న
లారీ ఓనరు