కోర్సు ఉంది సరే, చదివేదెవరు?

రిపబ్లికన్, డెమోక్రాట్ గవర్నర్లు కలిసి ఒకే కాగితం మీద సంతకాలు పెట్టడం ఇప్పటి అమెరికాలో అరుదు. 2022 జులైలో అది జరిగింది. ఆర్కన్సా గవర్నర్ ఏసా హచిన్సన్ చొరవతో 50 మంది గవర్నర్లు తమ బడుల్లో కంప్యూటర్ సైన్స్ చదువును విస్తరిస్తామని మాట ఇచ్చారు. అప్పటికే మొదలైన చట్టాల జోరు ఆ తర్వాత మరీ పెరిగింది. టెన్నెసీ, నెబ్రాస్కా, నార్త్ డకోటా, ఇండియానా ఒకదాని వెంట ఒకటి కదిలాయి. ఇంత హడావుడి తర్వాత తేలిందేమిటి? బడుల్లో కంప్యూటర్ సైన్స్ చదువు కోసం పనిచేసే కోడ్ డాట్ ఆర్గ్ సంస్థ 2024 నివేదిక ప్రకారం ఆ దేశంలోని ప్రభుత్వ హైస్కూళ్లలో 60 శాతం చోట్ల కంప్యూటర్ సైన్స్ కోర్సు ఉంది. ఒక ఏడాదిలో ఆ కోర్సు చదువుతున్న హైస్కూలు విద్యార్థులు మాత్రం 6.4 శాతం.

మొదటి అంకె వేదికల మీద వినిపిస్తుంది. రెండోది వినిపించదు. ఇది ఒక్క ఏడాది లెక్క కదా అంటారేమో, హైస్కూలు నాలుగేళ్లది కాబట్టి ఉదారంగా నాలుగుతో హెచ్చవేద్దాం. అప్పుడూ పాతిక శాతం దగ్గరే ఆగుతుంది. అంటే నలుగురిలో ముగ్గురు ఆ పాఠం మొహం చూడకుండానే బడి దాటిపోతున్నారు. ఇన్ని బిల్లులు, ఇన్ని ఫొటోల తర్వాత మిగిలింది నేతిబీరకాయలో నెయ్యి!

లోపం చట్టాల్లోనే ఉంది. చాలా రాష్ట్రాలు బడి మీద పెట్టిన బాధ్యత కోర్సును జాబితాలో చేర్చడంతో తీరిపోతుంది. చిన్న ఊరి హైస్కూల్లో ఇది ఎలా నడుస్తుందో చూడండి. ఏడాది మొదట్లో పిల్లలకిచ్చే కోర్సుల పట్టికలో అదొక వరుస. దాన్ని ఎంచుకునేది ఏ ఏడెనిమిది మందో. ఆ కొద్దిమంది కోసం టీచరును పెట్టుకునే స్తోమత బడికి ఉండదు. పిల్లలు హెడ్‌ఫోన్లు తగిలించుకుని తెర ముందు కూర్చుంటారు, పాఠం ఆన్‌లైన్‌లో ఎక్కడినుంచో వస్తుంది. గదిలో ఉన్న పెద్దమనిషి హాజరు తీసుకుంటాడు. కోడ్‌లో తప్పు ఎక్కడుందని అడిగితే ఆయనా తెల్లమొహం వేస్తాడు. అయినా రాష్ట్రం లెక్కల్లో అది ‘కంప్యూటర్ సైన్స్ ఉన్న బడి’. గవర్నరు హామీ నెరవేరినట్టే.

ఐచ్ఛికంగా వదిలేసిన చోట ఎవరు చేరతారో ఊహించడానికి సర్వేలు అక్కర్లేదు. ఇంట్లో అప్పటికే ఆ వాతావరణం ఉన్నవాళ్లు, ‘ఇది నీలాంటివాళ్లకే’ అని ఎవరో ఒకరు భుజం తట్టినవాళ్లు చేరతారు. అమెరికా హైస్కూళ్లలో ఈ కోర్సు చదివేవాళ్లలో అమ్మాయిలు ఏళ్ల తరబడి మూడోవంతు దగ్గరే ఉన్నారు. హైస్కూలు పట్టా కావాలంటే ఈ పాఠం చదవాల్సిందేనని నిబంధన ఉన్న సౌత్ కరోలినాలో అమ్మాయిల వాటా 40 శాతం దాటి సగానికి దగ్గరగా వెళ్లింది. (కొన్నేళ్ల కిందటి వరకు అక్కడ టైపింగ్ కోర్సు చదివినా ఆ నిబంధన తీరిపోయేది. 2018లో దాన్ని సరిదిద్దాకే అసలు పాఠం మొదలైంది.) అమ్మాయిలకు ఆసక్తి లేదని చెప్పేవాళ్లు ఈ ఒక్క తేడాకు జవాబు చెప్పాలి. లెక్కలను, చరిత్రను పిల్లల ఆసక్తికి వదిలేయని ప్రభుత్వాలు ఇక్కడ మాత్రం ‘ఇష్టమైతేనే’ అంటున్నాయెందుకు? తప్పనిసరి చేయడం ఖర్చుతో కూడిన పని. జాబితాలో చేర్చడం ఉత్తపుణ్యానికి అయిపోతుంది. 2024 నాటికి కూడా పట్టాకు ఈ పాఠం తప్పనిసరి అన్నవి పదీ పదకొండు రాష్ట్రాలే.

అవతలివాళ్ల వాదన తెలియనిదేమీ కాదు. టైమ్‌టేబుల్ ఇప్పటికే కిక్కిరిసిపోయింది, చదవడం రాయడమే సరిగా రాని పిల్లలకు ఇది అవసరమా, పైగా ఇప్పుడు కోడ్ రాయడానికి ఏఐ ఉంది కదా అంటారు. మొదటిది నిజమైన చిక్కే. దాన్ని కూడా కొన్ని రాష్ట్రాలు వింత దారుల్లో పరిష్కరించబోయాయి. 2016లో ఫ్లోరిడా సెనేట్ ప్రోగ్రామింగ్‌ను విదేశీ భాష కింద లెక్కగట్టే బిల్లును ఆమోదించింది. దిగువ సభలో అది ఆగిపోవడం ఆ రాష్ట్రం అదృష్టం. ఇక ఏఐ వాదన దగ్గరికొస్తే, అది నా వైపు వాదనే.

ఎందుకంటే ఈ చదువును మొదటినుంచీ తప్పుడు కారణంతో అమ్మారు. ఉద్యోగాలు, జీతాలు, ఖాళీగా ఉన్న పోస్టులు అంటూ పదేళ్లుగా గవర్నర్లు, కంపెనీలు ఒకే పాట పాడారు. ఇప్పుడు కొత్తగా చేరే ప్రోగ్రామర్ల పనే ఏఐ చేస్తుంటే ఆ పాటకు శ్రుతి పోయింది. బడి ఉన్నది కంపెనీలకు పనివాళ్లను సరఫరా చేయడానికి కాదని అప్పుడే గట్టిగా చెప్పి ఉంటే ఈ తడబాటు ఉండేది కాదు. జీవశాస్త్రం చదివిన ప్రతి పిల్లా డాక్టరు కాదు. అయినా టీకా అంటే ఏమిటో తెలిసిన మనిషిగా బయటికొస్తుంది. కంప్యూటర్ సైన్స్ అవసరం కూడా అలాంటిదే. మన గురించి నిర్ణయాలు తీసుకునే యంత్రాన్ని నిలదీయడానికి అది కావాలి.

2020 ఆగస్టులో ఇంగ్లండులో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. కరోనా వల్ల ఎ-లెవెల్ పరీక్షలు, అంటే బడి చివర్లో రాసే, యూనివర్సిటీ సీటును తేల్చే పరీక్షలు, రద్దయ్యాయి. టీచర్లు తమ పిల్లలకు ఏ గ్రేడు రావచ్చో అంచనా వేసి, ర్యాంకులు కట్టి పంపారు. పరీక్షల నియంత్రణ సంస్థ ఆఫ్‌క్వాల్ ఆ ర్యాంకులను ఒక అల్గారిదమ్‌లో, అంటే కంప్యూటరు మెట్టు మెట్టుగా పాటించే లెక్కల సూత్రంలో, వేసింది. అది ప్రతి బడి గత మూడేళ్ల ఫలితాలను చూసి గ్రేడులు పంచింది. ఆగస్టు 13న ఫలితాలొచ్చేసరికి టీచర్లు ఇచ్చిన అంచనాల్లో దాదాపు 40 శాతం కిందికి దిగిపోయాయి. పిల్లలు విద్యాశాఖ కార్యాలయం ముందు అల్గారిదమ్‌ను తిట్టే ప్లకార్డులు పట్టుకుని నిలబడ్డారు. నాలుగు రోజులకే ప్రభుత్వం దాన్ని ఉపసంహరించుకుంది.

ఇందులో పెద్ద గణితం లేదు. పద్నాలుగేళ్ల పిల్లలకు ఒక్క పీరియడ్‌లో బోర్డు మీద విప్పి చూపించొచ్చు. ఒక బడిలో గత మూడేళ్లలో ఎవరికీ అగ్ర గ్రేడు రాలేదనుకోండి. ఈ ఏడాది మొదటి ర్యాంకు పిల్ల ఎంత చురుకైనదైనా, ఆమెకు ఆ గ్రేడు దక్కే దారి దాదాపు మూసుకుపోయినట్టే, ఎందుకంటే పంచడానికి ఆ బడి వాటాలో అది లేనే లేదు. ఇంకో షరతు చూడండి: ఒక సబ్జెక్టులో ఐదుగురు, అంతకన్నా తక్కువమంది ఉంటే టీచరు మాటే చెల్లుతుంది. ప్రోగ్రామ్‌లో ఇది ఒక్క ‘ఇఫ్’ వాక్యం, అంటే ‘ఇలా ఉంటే అలా చెయ్యి’ అనే ఆదేశం. అంత చిన్న తరగతులు ఎక్కువగా ఎక్కడుంటాయి? ఫీజులు కట్టి చదివే ప్రైవేటు బడుల్లో. ఆ వాక్యం రాసినవాళ్లకు ఎవరి మీదా పక్షపాతం ఉండనక్కర్లేదు. నమూనా చిన్నదైతే గణాంకాలు నిలబడవని పెట్టిన షరతు అది. కానీ దాని ఫలం దక్కింది డబ్బున్న ఇళ్ల పిల్లలకు. ఇది పిల్లల చేతే కనిపెట్టించే టీచరు ఉంటే, ఆ తరగతి నుంచి ఒక్కరు కూడా ప్రోగ్రామర్ కాకపోయినా నాకు చింత లేదు.

ఇంకో సంగతి. ఇంగ్లండులో 2014 సెప్టెంబరులో ఐదేళ్ల వయసు నుంచీ కంప్యూటింగ్‌ను తప్పనిసరి చేసినప్పుడు ఆ ప్లకార్డులు పట్టుకున్న పిల్లలు పన్నెండేళ్లవాళ్లు. ఆ దేశం ఈ పాఠం చెప్పడం మొదలుపెట్టిన తొలి తరాల్లో వాళ్లూ ఉన్నారు.

అయితే ఇంగ్లండును ఆదర్శంగా చూపించే పని నేను చేయను. అక్కడ పాఠం 2014లో మొదలైతే, టీచర్లకు తర్ఫీదిచ్చే జాతీయ కేంద్రం 8.4 కోట్ల పౌండ్లతో 2018లో వచ్చింది. ముందు గంట కొట్టి, నాలుగేళ్ల తర్వాత టీచరును వెతికారన్నమాట. కంప్యూటింగ్ టీచర్ల నియామకాలు ఏళ్ల తరబడి లక్ష్యాన్ని అందుకోలేదు. పదహారేళ్లకు రాసే కంప్యూటర్ సైన్స్ పరీక్షలో అమ్మాయిలు ఐదింట ఒక వంతు దగ్గరే ఉన్నారు, ఎందుకంటే ఆ పరీక్ష ఎంచుకోవడం మళ్లీ ఐచ్ఛికమే.

మెచ్చుకోవాల్సింది ఎవరినంటే, హచిన్సన్ రాజకీయాలు నాకు రుచించకపోయినా, ఆర్కన్సాను. ప్రతి ప్రభుత్వ హైస్కూల్లో ఈ కోర్సు ఉండాలని 2015లో చట్టం చేసిన తొలి రాష్ట్రం అదే. అక్కడితో చేతులు దులుపుకోలేదు. టీచర్ల శిక్షణకు నిధులిచ్చింది, అర్హత సంపాదించినవాళ్లకు ప్రోత్సాహకం ఇచ్చింది. వేళ్ల మీద లెక్కపెట్టగలిగిన టీచర్లు వందల్లోకి పెరిగారు. 2014-15లో వెయ్యికి అటూ ఇటుగా ఉన్న విద్యార్థులు రెండేళ్లలో ఐదు వేలు దాటారు. పునాది పడ్డాక, 2021లో పట్టాకు ఈ పాఠాన్ని తప్పనిసరి చేసింది. కేరళ మరో దారిలో ఇదే పని చేసింది. 2001లో మొదలుపెట్టిన ఐటీ ఎట్ స్కూల్ పథకంలో బయటి ఏజెన్సీల మీద ఆధారపడకుండా, బడుల్లో ఉన్న లెక్కల, సైన్సు, భాషల టీచర్లలోంచే శిక్షకులను తయారుచేసుకుంది. లైసెన్సు ఫీజుల బెడద లేని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకుంది. యంత్రాలు పాతబడతాయి, మారుస్తారు. నేర్చుకున్న టీచరు మాత్రం రిటైరయ్యేదాకా బడిలోనే ఉంటుంది. బడ్జెట్ రాసేవాళ్లకు ఇంత చిన్న లెక్క ఎందుకు తలకెక్కదో అర్థం కాదు.

ఇప్పుడు అదే తప్పు కొత్త పేరుతో మొదలవుతోంది. 2025 ఏప్రిల్‌లో ట్రంప్ బడిపిల్లలకు ఏఐ చదువుపై కార్యనిర్వాహక ఉత్తర్వు ఇచ్చారు. మరుసటి నెలలోనే 250 మందికి పైగా కంపెనీ అధిపతులు ఏఐ, కంప్యూటర్ సైన్స్ పాఠాలను తప్పనిసరి చేయాలని బహిరంగ లేఖ రాశారు. కోడ్ డాట్ ఆర్గ్ పిల్లలకు గంటసేపు కోడింగ్ రుచి చూపించే తన ‘అవర్ ఆఫ్ కోడ్’ను ‘అవర్ ఆఫ్ ఏఐ’గా మార్చేసింది. మొన్నటి పాఠానికే టీచరు దొరకని బడి ఈ కొత్త పాఠం ఎవరితో చెప్పించాలో ఎవరూ చెప్పడం లేదు. రేపు ఏ రాష్ట్రంలో ఏఐ విద్య బిల్లు వచ్చినా, అందులో టీచర్ల శిక్షణకు ఏటా ఎంత కేటాయించారో చూడాలి. ఎన్ని బడుల్లో కోర్సు ఉందో చెప్పి ఊరుకోకుండా, ఎంతమంది పిల్లలు చదివారో జిల్లాలవారీగా ప్రకటించాలన్న నిబంధన ఉందో లేదో చూడాలి. ఆ రెండూ లేని బిల్లును, దాన్ని తెచ్చింది ఏ పార్టీ అయినా, ఓడించడమే మేలు.