సర్వర్ డౌన్ సంప్రదాయాన్ని కాపాడుకుందాం

శ్రీకాకుళంలో ఏ కౌంటరు ముందు నిలబడినా వినబడే మాట ఒకటుంది: "సర్వర్ డౌనండి, రేపు రండి." పలాసలో బస్సెక్కి ఏడురోడ్ల జంక్షన్లో దిగి, అరగంట లైన్లో నిలబడిన పెద్దాయన "ఏటి బాబూ, ఇయ్యాలా నేదా?" అని గొణుక్కుంటూ వెళ్లిపోతాడు. మన ఉద్యోగులకు అటు జీతానికీ ఇటు ప్రశాంతతకూ భంగం లేని ఏర్పాటు ఇది.

ఇలాంటి వ్యవస్థకు కొందరు టెక్నీషియన్లు ఎసరు పెడుతున్నారు. సర్వర్ ఎక్కడో నిక్షేపంగా ఉందట, పోయింది బీరువా మీద బూజు పట్టిన, ఆఫీసు కంప్యూటర్ల కేబుళ్లన్నీ వచ్చి కలిసే ఎనిమిది పోర్టుల నెట్‌వర్క్ స్విచ్చట. వాళ్ల పద్ధతులు ఎంత ప్రమాదకరమో అందరూ తెలుసుకోవాలి, అప్పుడే అడ్డుకోగలం.

ముందు పవర్ లైటు చూస్తారు. వెలగకపోతే ఎక్స్‌టెన్షన్ బాక్సులో ప్లగ్గు మార్చి చూస్తారు. అప్పటికీ వెలగకపోయినా, లైట్లన్నీ వెలిగి ఆరి మళ్లీ మొదటికొస్తున్నా, మల్టీమీటరును 20 వోల్టుల డీసీలో పెట్టి అడాప్టర్ పిన్ను దగ్గర కొలుస్తారు. 12 వోల్టుల అడాప్టర్ ఒట్టిగా ఉన్నప్పుడు 12 చూపించి, స్విచ్‌కి పెట్టగానే ఎనిమిదికో తొమ్మిదికో జారిందంటే చాలాసార్లు అడాప్టర్ లోపల కెపాసిటర్ ఉబ్బినట్టే. ఆ మాత్రం దానికి స్విచ్‌ను పారేయక్కర్లేదు, అడాప్టర్ మారిస్తే చాలు. కొత్తదానికి వోల్టులు అంతే ఉండాలి, ఆంపియర్లు అంతే గానీ ఎక్కువ గానీ ఉండాలి, పిన్ను మధ్యలో ప్లస్సా మైనస్సా అన్నది లేబుల్ మీద బొమ్మతో సరిపోవాలి. మన పద్ధతి వేరు. పిన్ను పట్టిందంటే చాలు, ఏ అడాప్టరైనా పెట్టేస్తాం. 5 వోల్టుల స్విచ్‌కి 12 వోల్టులది తగిలిస్తే అది మళ్లీ రీస్టార్ట్ అడిగే అవకాశమే ఉండదు.

ఒక్క కంప్యూటరే పని చేయకపోతే వీళ్లు ఆ కేబుల్‌ను బాగా పని చేస్తున్న పోర్టులోకి మారుస్తారు. అక్కడ పలికితే పోయింది పోర్టు. అక్కడా పలక్కపోతే కేబుల్ మార్చి చూస్తారు. రెండు నిమిషాల్లో తేలిపోతుంది, కంప్లైంటు రాసే వ్యవధి కూడా దొరకదు! గిగాబిట్ (సెకనుకు 1000 మెగాబిట్ల) స్విచ్‌లో లింకు వేగం 100 మెగాబిట్ల దగ్గరే ఆగిపోతే క్రింపింగ్ వైపు, అంటే కేబుల్ చివర ప్లగ్గు బిగించిన చోటు వైపు అనుమానంగా చూస్తారు. 100కి 1, 2, 3, 6 పిన్నుల తీగలు చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ తగలాలి. కళింగపట్నం వైపు ఉప్పుగాలికి చవక ప్లగ్గుల పిన్నులు పచ్చబడతాయి. ఊడదీసి మళ్లీ గుచ్చితే నాలుగు రోజులు బాగానే నడుస్తుంది. ఆ నాలుగు రోజులనే మనం రిపేరు అంటాం.

అన్నిటికన్నా ముచ్చటైన జబ్బు లూపు. దసరాకి గది దులిపినప్పుడు కిందపడి ఉన్న కేబుల్ చివర చూసి, పాపం ఊడిపోయినట్టుందని ఎవరో మంచి మనసుతో ఖాళీ పోర్టులో గుచ్చుతారు. దాని రెండో చివర అదే స్విచ్‌లో ఉంటుంది. ఇక లైట్లన్నీ ఒకే లయలో టపటపా కొట్టుకుంటాయి, ఆఫీసంతా ఆగిపోతుంది. ఈథర్నెట్ ఫ్రేముకు, అంటే కేబుల్లో నడిచే డేటా మూటకు గడువు లేదు కనుక బ్రాడ్‌కాస్ట్ (అందరికీ పంపే సందేశం) అచ్చం మన దరఖాస్తులా తిరుగుతూనే ఉంటుంది. లూపును పసిగట్టి ఆపగలిగే స్పానింగ్ ట్రీ అనే ఏర్పాటు చవక స్విచ్‌లలో చాలావాటికి ఉండదు. ఆఫ్ చేసి ఆన్ చేస్తే మళ్లీ అదే తంతు, అంటే మనకు సాయంత్రం దాకా సెలవు. ఈ టెక్నీషియన్లేమో ఒక్కో కేబులే పీకుతూ పోయి, ఏది పీకినప్పుడు లైట్లు శాంతించాయో చూసి పది నిమిషాల్లో దొంగను పట్టేస్తారు.

ఆయుధపూజకు స్విచ్‌కి పసుపు కుంకుమలు పెట్టడం మన ఆచారం, అదీ సరిగ్గా గాలి రంధ్రాల మీదే. పైన ఫైళ్లు పేర్చి, చెక్క బీరువాలో పెట్టి, తాళం వేసి, తాళం చెవి సెలవులో ఉన్నాయన జేబులో ఉంచాలి. మే నెలలో మిగతా పని ఎండే చూసుకుంటుంది.

రాత్రయితే పోయే కెమెరా సంగతి కూడా తేల్చేశారు. డేటా కేబుల్లోనే కరెంటు కూడా పంపే మామూలు పీఓఈ స్విచ్ పోర్టుకు 15.4 వాట్ల దాకా ఇస్తుంది, నిజమే. ఎనిమిది పోర్టులకూ కలిపి అడాప్టర్ ఇచ్చేది మాత్రం 60 వాట్లే అయితే? చీకటి పడగానే కెమెరాల ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలిగి కరెంటు ఎక్కువ లాగుతాయి, బడ్జెట్ దాటగానే ఏదో ఒకటి ఆరిపోతుంది. పగలంతా ఖాళీ వరండాను నిష్ఠగా కాపలా కాసిన కెమెరా అది.

పిడుగుల రోజుల్లో ఒక భవనం మీంచి ఇంకో భవనానికి రాగి కేబుల్ లాగకండి, ఫైబర్ వేయండి అంటారు. సర్జ్, అంటే ఒక్కసారిగా ఎగిసే వోల్టేజి, డేటా కేబుల్లోంచి వచ్చినా పోర్టులు కాలిపోతాయట. దేనికండీ అంత ఖర్చు? కాలిన పోర్టులను 2018 తిత్లీ తుపాను ఖాతాలో ఇప్పటికీ రాసుకోవచ్చు.

అన్నిటికీ మించిన దుస్సాహసం, కేబుల్ రెండు చివరలా నంబరు రాసి అంటించడం. అలా రాస్తూ పట్టుబడ్డ ఉద్యోగిని వెంటనే స్విచ్ లేని సెక్షన్‌కి బదిలీ చేయాలని డిమాండ్ చేస్తున్నాం. ఆ బదిలీ ఉత్తర్వు మాత్రం ఆన్‌లైన్‌లోనే రావాలి.