శ్లోకాన్ని ఎంచుకున్నది ఎవరు?

మతం లేని చోట నీతి నిలవదని ఒక పక్షం, అంతరాత్మ ఉండగా మనిషికి మతంతో పనేమిటని మరో పక్షం వాదించుకోవడం మనకు కొత్త కాదు. టీవీ చర్చల్లో ఈ రెండు పక్షాలూ ఎదురెదురుగా కూర్చుని గొంతు చించుకుంటాయి గానీ, నిజంగా ధర్మసంకటంలో పడిన మనిషి ఏ దారిన నిర్ణయానికి వస్తాడన్నది రెండూ పట్టించుకోవు. తెలుగు నేల మీద ఈ ప్రశ్న గ్రంథాల్లోంచి వీధిలోకి వచ్చిన సందర్భాలను పరిశీలిస్తే, ఎంపిక చేసింది ప్రతిసారీ మనిషేననీ, మతం అతనికి మాటలను మాత్రమే సమకూర్చిందనీ అనిపిస్తుంది. అలాగని అంతరాత్మ గెలిచిందని సంబరపడడానికీ లేదు.

వితంతు పునర్వివాహాన్ని చట్టబద్ధం చేసిన శాసనం 1856లో వచ్చింది. పాతికేళ్ళ పాటు తెలుగు జిల్లాల్లో ఆ చట్టం కాగితం మీదే ఉండిపోయింది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులు తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు ఊరు ఎదురు తిరిగింది. వెలి భయంతో వంటవాళ్ళు రాలేదు, నీళ్ళు తెచ్చేవాళ్ళూ రాలేదు. పంతులు గారి భార్య రాజ్యలక్ష్మమ్మ గోదావరి నుంచి తానే బిందెలు మోసుకొచ్చి, పెళ్ళివారికి తానే వండి పెట్టారు. సంస్కరణ చరిత్ర రాసినప్పుడల్లా పంతులు గారి ఉపన్యాసాలకు పేజీలు కేటాయించి, ఈ బిందెలను ఒక్క వాక్యంలో దాటేస్తారు. నైతిక నిర్ణయం అంటే ఏమిటో ఉపన్యాసాల కంటే ఆ బిందెలే బాగా చెబుతాయని నా అభిప్రాయం.

ఆ ఉపన్యాసాల్లో ఉన్నదేమిటి? 1879లో పునర్వివాహం గురించి బహిరంగంగా మాట్లాడడం మొదలుపెట్టినప్పుడు వీరేశలింగం ముందు పెట్టింది తన మనస్సాక్షిని కాదు, శాస్త్ర ప్రమాణాలను. అంతకు ముందు 1855లో బెంగాల్లో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ ఆధారం చేసుకున్నది పరాశర స్మృతిలోని శ్లోకాన్ని. భర్త కనిపించకుండా పోయినా, మరణించినా, సన్యసించినా, నపుంసకుడైనా, పతితుడైనా స్త్రీకి మరో భర్త విహితమని ‘నష్టే మృతే ప్రవ్రజితే’ అన్న ఆ శ్లోకం చెబుతుంది. పండితులు ఊరుకోలేదు. అది వాగ్దానం మాత్రమే జరిగిన కన్యకు వర్తిస్తుందని కొందరు, కలియుగానికి చెల్లదని కొందరు వాదించారు. అయితే ఆ స్మృతిలోనే ఆ శ్లోకం వెంటనే వచ్చే శ్లోకం భర్త పోయాక బ్రహ్మచర్యం పాటించే స్త్రీకి స్వర్గం దక్కుతుందంటుంది. ఆ తర్వాతి శ్లోకం సహగమనం చేసిన స్త్రీని ఇంకా పొగుడుతుంది. మూడు దారులు, వరుసగా మూడు శ్లోకాల్లో, ఒకే గ్రంథంలో ఉన్నాయి. మొదటి శ్లోకం దగ్గర ఆగినవాళ్ళు సంస్కర్తలయ్యారు, రెండో దాన్ని పట్టుకున్నవాళ్ళు పసిపిల్లలకు గుండు గీయించారు. ఎక్కడ ఆగాలో గ్రంథం చెప్పలేదు. పసితనంలో తాళి తెగిన పిల్లలను చూసి కలత పడిన మనసు ముందే ఒక నిర్ణయానికి వచ్చింది. శ్లోకం ఆ తర్వాత దొరికింది.

ఈ సంగతి ప్రాచీనులకు తెలియనిది కాదు. ధర్మానికి మూలాలు ఏవని ప్రశ్నించుకున్న మనుస్మృతి వేదం, స్మృతి, సదాచారం అని చెప్పి, నాలుగోదిగా ఆత్మతుష్టిని చేర్చింది. యాజ్ఞవల్క్య స్మృతిలోనూ ఈ జాబితా దాదాపు ఇలాగే ఉంది. తన మనసుకు సమ్మతమైనది కూడా ధర్మానికి ఒక ఆధారమేనని ఒప్పుకున్న ఈ మాట ఎంత దూరమైనా వెళ్ళగలదు, అందుకే వ్యాఖ్యాతలు దానికి పగ్గాలు వేశారు. తెలుగు నేలపై వారసత్వ వివాదాలకు శతాబ్దాల పాటు ప్రమాణంగా నిలిచిన యాజ్ఞవల్క్య స్మృతి వ్యాఖ్యానం మితాక్షరలో విజ్ఞానేశ్వరుడు, శాస్త్రం రెండు దారులు చూపించిన చోట మాత్రమే ఆత్మతుష్టికి పని ఉందని కుదించాడు. శాస్త్రం ఒకే మాట చెప్పిన చోట మనసుకు ఓటు లేదన్నమాట.

బి.ఆర్. అంబేడ్కర్ తిరగబడింది సరిగ్గా ఇక్కడే. హిందువులు కులం పాటించేది క్రూరులు కావడం వల్ల కాదనీ, మతం మీద గాఢమైన విశ్వాసం వల్లనేననీ, కాబట్టి శాస్త్రాల పవిత్రతనే కాదనకుండా కులం పోదనీ 1936లో ఆయన తేల్చి చెప్పారు. ఆ కొలతతో చూస్తే వీరేశలింగం పద్ధతి లోపం బయటపడుతుంది. శ్లోకంతో గెలిచిన వాదం మరో శ్లోకంతో ఓడిపోగలదు. ఇవాళ పరాశరుణ్ణి ఆసరా చేసుకుని ఒక అన్యాయాన్ని ఆపిన సమాజం, పరాశరుడు ఏమీ మాట్లాడని అన్యాయం ముందు మూగపోతుంది. అయినా వీరేశలింగాన్ని నేను తప్పుపట్టలేను. ఆ కాలపు రాజమహేంద్రవరంలో శాస్త్రం పేరెత్తకుండా మాట్లాడే మనిషి మాట వినడానికి అరుగు మీద కూర్చునేవాడు ఒక్కడూ ఉండేవాడు కాదు.

మతాన్ని పూర్తిగా పక్కన పెట్టి బతికిన ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది. గోరాగా ప్రసిద్ధుడైన గోపరాజు రామచంద్రరావు నాస్తికత్వం కారణంగా 1933లో కాకినాడ పి.ఆర్. కళాశాలలో ఉద్యోగం పోగొట్టుకున్నారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం నెలకొల్పారు, తర్వాత దాన్ని విజయవాడకు మార్చారు. దేవుడు లేడనే మనిషికి నీతి ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు ఆయన ఇచ్చిన జవాబు సహపంక్తి భోజనాల్లోనూ కులాంతర వివాహాల్లోనూ కనిపిస్తుంది. పెద్ద కూతురు మనోరమను దళిత యువకుడు అర్జునరావుకు ఇచ్చి పెళ్ళి చేయాలనుకున్నప్పుడు, ఆ పెళ్ళి సేవాగ్రాంలో జరిపిస్తానని మాట ఇచ్చింది నిత్యం రామనామం జపించే గాంధీ. ఆయన హత్యానంతరం 1948 మార్చిలో అక్కడే ఆ పెళ్ళి జరిగింది. ఆస్తికుడైన గాంధీ, నాస్తికుడైన గోరా అస్పృశ్యత విషయంలో ఒకే చోటికి చేరుకున్నారు. ఇద్దరిలో ఎవరి దారి సరైనదని తేల్చాలనుకునేవారికి ఈ పెళ్ళి పెద్దగా సహాయపడదు.

మరి అంతరాత్మను నమ్ముకుంటే చాలా? తన అంతర్వాణి మీద గాంధీకి ఉన్నంత గురి ఎవరికీ లేదు. 1934 జనవరి 15న బిహార్‌ను భూకంపం ధ్వంసం చేసినప్పుడు, అది అస్పృశ్యత అనే పాపానికి దేవుడు వేసిన శిక్ష అని ఆయన ప్రకటించారు. అస్పృశ్యతను అంతే తీవ్రంగా ద్వేషించిన రవీంద్రనాథ్ ఠాగూర్ దానిపై బహిరంగంగా అభ్యంతరం చెప్పారు. శిథిలాల కింద నలిగినవారిలో ఆ అస్పృశ్యతకు బలైనవాళ్ళూ ఉంటారు కదా. పోరాటం న్యాయమైనదే, పోరాడే మనిషి నిజాయితీ శంకించలేనిదే, అయినా తర్కం తప్పింది. అంతర్వాణికి ఎదురు ప్రశ్న వేసే మనిషి పక్కన లేకపోతే అది ఎక్కడికైనా తీసుకుపోగలదు.

దీనికి మించిన భయంకరమైన ఉదాహరణ మన కాలంలోనే జరిగింది. 2018లో మిర్యాలగూడలో, కులాంతర వివాహం చేసుకున్న దళిత యువకుణ్ణి గర్భవతి అయిన భార్య కళ్ళెదుటే ఆసుపత్రి బయట నరికి చంపారు. కిరాయి ఇచ్చి చేయించిన ఆ హత్య కేసులో 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష విధించింది. ఆ హత్య తర్వాత అమ్మాయి తల్లిదండ్రుల పక్షాన ‘కన్నవాళ్ళ కడుపుకోత అర్థం చేసుకోండి’ అని సోషల్ మీడియాలో రాసినవాళ్ళకు కొదవ లేకపోయింది. వాళ్ళెవరూ శ్లోకాలు ఉటంకించలేదు. తమ మనసుకు తోచిందే రాశారు. మనసుకు తోచేది ఏదైనా ఇంటి నుంచి, కులం నుంచి, ఊళ్ళో పరువు అని పిలిచే దాని నుంచి వచ్చి చేరిందేనని, అంతరాత్మను స్వయంభువుగా కొలిచేవాళ్ళు మరిచిపోతారు. వీరేశలింగం దంపతుల అంతరాత్మకూ, పరువు కోసం కత్తి ఎత్తించే అంతరాత్మకూ తేడా నిశ్చయంలో లేదు. నమ్మినదానికి మూల్యం ఎవరు చెల్లించారన్న దగ్గర ఉంది. రాజ్యలక్ష్మమ్మ తన భుజాన బిందె మోసింది. మిర్యాలగూడలో మూల్యం చెల్లించింది అవతలివాళ్ళు.

ఈ గీటురాయి మతానికీ అంతే వర్తిస్తుంది. ఎల్లమ్మ మొక్కు తీర్చుకోవడానికి ఆడపిల్లను జోగినిగా వదిలిన తల్లిదండ్రులు భక్తితోనే ఆ పని చేశారు, వాళ్ళ మనసు వాళ్ళను నిలదీయలేదు కూడా. మొక్కు వాళ్ళది, దాన్ని జీవితాంతం చెల్లించవలసింది ఆ పిల్ల. ఆంధ్రప్రదేశ్‌లో 1988లో ఈ ఆచారాన్ని నిషేధిస్తూ చట్టం చేయవలసి వచ్చింది. రాజ్యాంగంలోని 25వ అధికరణం అంతరాత్మ స్వేచ్ఛను ముందు చెప్పి, మతాన్ని అవలంబించే హక్కును ఆ తర్వాత చెబుతూ, రెండింటినీ ప్రజాశాంతికి, నైతికతకు, ఆరోగ్యానికి లోబరిచింది. రెండింటిలో దేనికీ ఖాళీ చెక్కు ఇవ్వలేదు.

ఇవాళ ఈ ప్రశ్న మన ఇళ్ళలోకి వచ్చే చోటు ఆసుపత్రి ఐసీయూ వరండా. ప్రమాదంలో తలకు దెబ్బ తగిలిన మనిషికి కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షలు చేసి బ్రెయిన్ డెత్ అని వైద్యులు నిర్ధారించాక, ప్రభుత్వ అవయవదాన పథకమైన జీవన్‌దాన్ సమన్వయకర్త వచ్చి కుటుంబంతో అవయవదానం మాట ఎత్తుతారు. ధర్మశాస్త్రాలు రాసిన కాలానికి ఈ స్థితే లేదు. గుండె కొట్టుకుంటుండగా మనిషి పోయాడనే నిర్వచనమే లేదు. కళ్ళు ఇచ్చేస్తే వచ్చే జన్మలో గుడ్డివాడిగా పుడతాడేమోనని ఒకరు భయపడతారు. శిబి, దధీచి చేసింది ఇదే కదా అని మరొకరు గుర్తు చేస్తారు. ఒకే మతం రెండు వైపుల నుంచీ మాట్లాడుతుంది, గడియారం తిరుగుతూ ఉంటుంది, ఎవరో ఒకరు సంతకం పెట్టాలి. ఆ నిర్ణయం మతానికి గానీ తన అంతరాత్మకు గానీ అప్పగించి తప్పుకునే వీలు సంతకం పెట్టేవాళ్ళకు లేదు, ఎందుకంటే ఆ దేహం వాళ్ళది కాదు. చనిపోయిన మనిషి దానపత్రం మీద సంతకం చేసి ఉన్నా, ఆచరణలో కుటుంబ సమ్మతి లేకుండా అవయవాలు తీసుకోరు. కాబట్టి వాళ్ళకు కావలసింది శ్లోకం కాదు, ఆ మనిషి బతికుండగా ఈ విషయం మీద ఇంట్లో ఒకసారైనా ఏమన్నాడన్నది. మన ఇళ్ళలో భోజనాల దగ్గర చావు మాట ఎత్తితే అశుభమంటారు గనుక, ఆ వరండాలో నిలబడ్డవాళ్ళలో చాలామందికి అది తెలిసే అవకాశం లేదు.