జనరేటర్ కొనే ముందు ఒక కాగితం, పెన్ను తీసుకోండి

గాలిదుమారాల కాలం రాగానే నల్లగొండలో తెలిసినవాళ్లంతా ఒకటే అడుగుతున్నారు. "అన్నా, ఇంటికి ఏ కంపెనీ జనరేటర్ మంచిది?" కరెంటు పోతే మీ ఇంట్లో ఏది ఆగకూడదో ముందు అది కాగితం మీద రాయండి అంటాను. అది తేల్చుకోకుండా షాపుకు పోతే డబ్బులు దండగ. మావి అట్లాగే పోయాయి.

రెండేళ్ల కింద రెండు కేవీఏ (జనరేటర్ సామర్థ్యాన్ని కొలిచే లెక్క) పెట్రోల్ జనరేటర్ తెచ్చాం. బోరు మోటారు నడుస్తుందా అని అడిగితే, ఇల్లంతా నడుస్తుందని చెప్పి అమ్మారు. ఇంటికొచ్చి ఒకటిన్నర హెచ్‌పీ మోటారు ఆన్ చేశాం. జనరేటర్ ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. మూడుసార్లు చూశాం, ఎత్తలేదు. మోటార్లు చుట్టే మేస్త్రీ వచ్చి విడమరిచి చెప్పాడు. తిరుగుతున్న మోటారు తీసుకునే కరెంటు వేరు, స్టార్టింగ్‌లో గుంజే కరెంటు వేరు. ఆ కాసేపు మూడు నాలుగు రెట్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే గుంజుతుంది. పైగా కేవీఏ మొత్తం మన పనికి రాదు, దాంట్లో పనికొచ్చే వంతునే పవర్ ఫ్యాక్టర్ అంటారు. 0.8 లెక్కన రెండు కేవీఏ అంటే 1,600 వాట్లే. మా మోటారుకు ఐదు కేవీఏ దాకా కావాలన్నాడు. కరెంటు ఉన్నప్పుడు మిద్దె మీద ట్యాంకు నింపుకుంటే తీరిపోయే అవసరానికి అంత పెద్ద మిషన్ ఎందుకు?

మా ఇంట్లో నిజంగా ఆగకూడనిది నాయిన ఆక్సిజన్ కాన్సంట్రేటర్, అంటే గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషన్. నిమిషానికి ఐదు లీటర్లు ఇచ్చేది, దాదాపు 350 వాట్లు. దానికి సరైనది ప్యూర్ సైన్‌వేవ్ ఇన్వర్టర్, అంటే బ్యాటరీ నుంచి లైన్ కరెంటు లాంటి సాఫీ కరెంటు ఇచ్చేది. కరెంటు పోయిన క్షణంలోనే అందుకుంటుంది, అర్ధరాత్రి ఎవరూ లేచి జనరేటర్ తాడు గుంజే పని లేదు. 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, బ్యాటరీ సైజు) బ్యాటరీ ఒకటి, నష్టాలు పోను, సుమారు 1,100 వాట్ అవర్లు (1,100 వాట్లది గంటసేపు నడిచేంత) ఇస్తుంది. అంటే కాన్సంట్రేటర్ ఒక్కటే పెడితే మూడు గంటలు. అందుకే రెండు బ్యాటరీలది పెట్టించాం. ఫ్యాన్లు కూడా తక్కువ కరెంటు తాగే బీఎల్‌డీసీ మోటారువి మార్చాం, 75 వాట్లు తాగేవి 30కి దిగాయి.

"మన జిల్లాలోనే దామరచర్లలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ ఉంది కదా, ఇక ఇవన్నీ ఎందుకు?" అని మా బావ అంటాడు. వానాకాలం ముందు మనకు కరెంటు పోయేది ఉత్పత్తి లేక కాదు బావా! వేపకొమ్మ తీగల మీద పడుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు ఎగురుతుంది. మిద్దె మీద సోలార్ ఉందని ధీమాగా ఉన్నవాళ్లు కూడా ఒకసారి చూసుకోండి. బ్యాటరీ లేకుండా కరెంటు లైనుకే కలిపిన ఆన్‌గ్రిడ్ సోలార్, కరెంటు పోతే ఎండ మండుతున్నా ఆగిపోతుంది.

గంటలకొద్దీ కరెంటు రాని ఊళ్లలో జనరేటర్ కావాల్సిందే, కాదనను. కొనండి. కానీ పోర్టికోలో, మెట్ల కింద, కిటికీ పక్కన పెట్టకండి, దండం పెడతాను. దాని పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే పోతారు. ఇంటికి ఇరవై అడుగుల దూరంలో, ఆరుబయట, పొగ గొట్టం అవతలికి తిప్పి పెట్టండి.

ఇంకొకటి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. రెండు వైపులా ప్లగ్గు కట్టిన వైరును గోడ సాకెట్‌లో గుచ్చి ఇల్లంతా వెలిగించుకుంటారు. ఆ 230 వోల్టులు మీ ఇంట్లోనే ఆగవు. సర్వీసు వైరు గుండా ట్రాన్స్‌ఫార్మర్‌కు ఎదురెక్కి అవతల 11,000 వోల్టుల లైనును లేపుతాయి. వానలో తడుస్తూ మీకోసమే స్తంభమెక్కిన లైన్‌మన్, లైను చచ్చి ఉందనుకుని చెయ్యి వేస్తాడు. అతనికీ ఇంట్లో పిల్లలున్నారు. ఇంటిని లైను నుంచి విడదీసి జనరేటర్‌కు కలిపే చేంజోవర్ స్విచ్ పెట్టించకుండా జనరేటర్ ఆన్ చేయకండి. దాన్ని తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే పెట్టించండి.

మా పాత జనరేటర్ ఇప్పటికీ పెరట్లో రేకుల కింద ఉంది. నెలకోసారి పావుగంట నడుపుతాం, లేకపోతే పాత పెట్రోల్‌కు కార్బొరేటర్ జిగురు పడుతుంది. నాయిన మంచం పక్కన నింపిన ఆక్సిజన్ సిలిండర్ కూడా ఒకటి ఉంటుంది. మొన్నటి దుమారానికి రాత్రి పదకొండు నుంచి మూడున్నర దాకా కరెంటు లేదు. మిషన్ ఆగలేదు. నాయినకు మెలకువే రాలేదు.