నాలుగడుగుల చెక్కు

దానమిచ్చే చేతికి వంకలు పెట్టేవాళ్లంటే నాకు మొదటినుంచీ గిట్టదు. ఎందుకిచ్చాడు, ఎంతిచ్చాడు, ఫొటో ఎందుకు దిగాడు అని ఆరాలు తీసే ఈ జనానికి ఇక్కడి కమ్యూనిటీ బ్యాంకులు, అంటే ఊరి చిన్న బ్యాంకులు, దానధర్మాలకని పెట్టే ఫౌండేషన్లంటే మహా లోకువ. ఆ అపవాదు తుడిచే బాధ్యత నేనే నెత్తిన వేసుకున్నాను. అమెరికాలో మేముండే చిన్న పట్టణంలో, లేనివాళ్లకు సరుకులు ఉచితంగా పంచే ఫుడ్ ప్యాంట్రీ ఒకటుంది. దానికి నేను జీతం లేని కోశాధికారిని. దరఖాస్తులు రాసేదీ, రసీదులు దాచేదీ, ఫొటోలో చిట్టచివర నిలబడేదీ నేనే.

మొన్న ఒక బ్యాంకు ఫౌండేషన్ మాకు రెండున్నర వేల డాలర్లిచ్చింది. ఫొటో కోసం తెచ్చిన ఉత్తుత్తి చెక్కు నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. చదరపు అడుగుకు మూడొందల పన్నెండున్నర డాలర్లు పడింది. మా పట్టణంలో ఇళ్లే అంతకంటే చవక.

దాన్ని పట్టుకోవడానికి బ్యాంకు తరఫున ఏడుగురు వచ్చారు, మా తరఫున ఇద్దరం. ఫొటోగ్రాఫర్ "చెక్కు కొంచెం పైకెత్తండి, పేరు సగమే పడుతోంది" అన్నాడు. ఎత్తాం. మా ఇద్దరి మొహాలూ చెక్కు వెనక్కి వెళ్లిపోయాయి. "ఆ, ఇప్పుడు బాగుంది" అన్నాడు. అసలు డబ్బు మూడు వారాల తర్వాత, ఒక మంగళవారం, చప్పుడు చేయకుండా ఖాతాలో పడింది. పాపం, దాన్ని ఎవరూ ఫొటో తీయలేదు.

గిట్టనివాళ్లు దీన్ని ప్రచారం అంటారు. వాళ్లకు చట్టం తెలియదు. ఫౌండేషన్‌కూ, దాన్ని పెట్టిన బ్యాంకుకూ మధ్య లావాదేవీలు ఉండకూడదని అమెరికా పన్ను చట్టం 1969 నుంచీ గట్టిగా చెబుతోంది. ఫౌండేషన్ సొమ్ముతో బ్యాంకు లాభపడకూడదు. మరి దానం వల్ల వచ్చే పేరో? అది లాభం కాదు, దారినపోతూ ఒంటికంటిన అత్తరు వాసనలాంటిదని నిబంధనలే తేల్చేశాయి. ఆ వాసన ఎంత దూరం రావాలో మాత్రం మా దరఖాస్తు ఫారంలో వివరంగా ఉంది. ఆకలి గురించి ఒక పేజీ, లోగో గురించి రెండు. లోగోలోని నీలం ఏ నీలమో నంబరు వేసి మరీ ఇచ్చారు.

ఆ నిబంధనల్లోనే మినహాయింపు ముచ్చట ఒకటుంది. ఫౌండేషన్ రోజువారీ జమాఖర్చుల చెకింగ్ ఖాతాను ఆ బ్యాంకులోనే పెట్టుకోవచ్చు. ఒక షరతు: ఖాతాలో ఉన్నదానికంటే ఎక్కువ తీసినా బ్యాంకు దానిమీద వడ్డీ వేయకూడదు. ఇది చదివినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. మా ప్యాంట్రీ ఖాతాలో ఒకసారి పద్దెనిమిది డాలర్లు తక్కువైతే మా బ్యాంకు ముప్పయ్యైదు డాలర్లు పట్టుకుంది. మేం కూడా ఫౌండేషనై పుట్టుంటే బాగుండేది.

ఇక అయిదు శాతం గొడవ. సొంత నిధి ఉన్న ప్రైవేటు ఫౌండేషన్ తన పెట్టుబడుల విలువలో ఏటా సుమారు 5 శాతం ధర్మకార్యాలకు ఖర్చు చేయాలి. మిగతా 95 మదుపులోనే ఉండొచ్చు. ఆ మదుపు మీద వచ్చే ఆదాయానికి పన్ను 1.39 శాతం. అంతే. పైగా ఆ అయిదులో ధర్మం చేయడానికయ్యే నిర్వహణ ఖర్చులు కూడా, సబబుగా ఉన్నంతవరకూ, కలుపుకోవచ్చు. అంటే ఎవరికివ్వాలా అని ఆలోచించేవాళ్ల జీతం కూడా ఇచ్చినట్టే లెక్క. మేం పంచడానికి మనిషిని పెట్టుకుంటే మాత్రం దాన్ని "ఓవర్‌హెడ్", అంటే పైఖర్చు, అంటారు, మొహం చిట్లిస్తారు. అత్తసొమ్ము అల్లుడు దానం చేశాడన్న సామెత మీకిక్కడ గుర్తొస్తే అది మీ సంస్కారం. నాకు గుర్తు రాలేదు.

కొంత చరిత్ర కూడా చెప్పాలి. 1930లలో ఇక్కడి ప్రభుత్వ సంస్థ ఒకటి నగరాలకు పటాలు గీయించి, నల్లవాళ్లుండే పేటలకు ఎర్రరంగు పూయించింది. అప్పు ఇస్తే ప్రమాదమని దానర్థం. ఆ పేటల డిపాజిట్లు తీసుకోవడానికి బ్యాంకులకు రంగు అడ్డు రాలేదు, అప్పులివ్వడానికే వచ్చింది. 1977లో కమ్యూనిటీ రీఇన్వెస్ట్‌మెంట్ యాక్ట్ తెచ్చి, ఎక్కడ డిపాజిట్లు తీసుకుంటున్నారో అక్కడి పేదపేటల అప్పు అవసరాలు కూడా చూడండి అని చెప్పాల్సి వచ్చింది. అప్పటినుంచీ బ్యాంకులకు పరీక్షలు పెడుతున్నారు, ఇప్పుడైతే నాలుగు రకాల గ్రేడులిస్తున్నారు. పై గ్రేడు "అవుట్‌స్టాండింగ్". ఆ తర్వాతది "సంతృప్తికరం". ఈ పరీక్షలో పేదల మేలు కోసం ఇచ్చే గ్రాంట్లు కూడా లెక్కకొస్తాయి.

సిబ్బంది చేసే సేవ కూడా లెక్కకొస్తుంది, కానీ అది ఆర్థిక సేవలకు సంబంధించినదై ఉండాలి. బ్యాంకు మేనేజరు వచ్చి మా బియ్యం బస్తా భుజాన వేసుకుంటే అది ఆయన సొంత మంచితనం, పరీక్షలో మార్కు రాదు. అదే మనిషి ఇంటి బడ్జెట్ ఎలా వేసుకోవాలో పాఠం చెబితే వస్తుంది. అందుకని గురువారం సాయంత్రాలు మా వరుసలో, బీన్స్ డబ్బా కోసం నిలబడ్డవాళ్లకు, ఒక చక్కని కుర్రాడు పొదుపు గురించి చెబుతుంటాడు. ఆదాయంలో ఇరవై శాతం పక్కన పెట్టమంటాడు. మొన్న ముందు నిలబడ్డ పెద్దావిడ ఓపిగ్గా అంతా విని, "దేంట్లో ఇరవై, నాయనా?" అని అడిగింది. కుర్రాడు తర్వాతి స్లైడుకు వెళ్లిపోయాడు.

నిజం నిజమే చెప్పుకోవాలి. మా పట్టణంలో పెద్ద బ్యాంకుల బోర్డులు కూడా ఉన్నాయి. మా ఉత్తరానికి జవాబిచ్చింది ఈ చిన్న బ్యాంకు ఒక్కటే. ఆ డబ్బుతో కొన్న సరుకులు చాలా ఇళ్లలో ఉడికాయి. కాబట్టి నేను తిట్టను. రిపోర్టు మాత్రం రాస్తాను, రాయమన్నారు గనుక.

ఆ రిపోర్టులో ఒక గడి ఉంది: "ఆకలి తగ్గుదలను కొలవదగిన సూచికలతో చూపండి." నిజాయితీగా నింపాను. తినకముందు ఆకలి ఉంది. తిన్నాక లేదు. మర్నాడు మళ్లీ వచ్చింది. ఫౌండేషన్ నుంచి ఫోనొచ్చింది. చివరి వాక్యం ఫలితాలను బలహీనపరుస్తోందట, తీసేయమన్నారు. తీసేశాను. ఆకలి మర్నాడు రావడం మానేసినట్టు ఇప్పుడు వాళ్ల ఫైల్లో ఉంది.

అసలు చిక్కు కిటికీతో వచ్చింది. వెనకగదిలో ఫ్రీజర్ పక్కన కిటికీ అద్దం పగిలి ఏడాది దాటింది. వాన జల్లు నేరుగా ఫ్రీజర్ ప్లగ్గు మీదకు కొడుతుంది. గ్రాంటు ఉత్తరంలోనేమో స్పష్టంగా రాసుంది: ఈ సొమ్ము అద్దెకూ, కరెంటుకూ, జీతాలకూ, మరమ్మతులకూ వాడరాదు, కార్యక్రమానికే వాడాలి. అదే ఉత్తరంలో ఇంకో షరతు, దాత పేరు నలుగురికీ కనబడేలా ప్రదర్శించాలి.

టేపు పట్టుకుని కొలిచాను. కిటికీ నాలుగడుగులకు ఒక అంగుళం తక్కువ. చెక్కు అంచు కూరగాయల కత్తితో కోశాను. కోతలో పోయింది బ్యాంకు చిరునామా మాత్రమే. నీలంరంగు పేరు వీధివైపుకు తిప్పి, చుట్టూ టేపు వేశాను. ఆ రాత్రి గాలివాన వచ్చింది. గదిలో చుక్క పడలేదు.

ఏడాది చివరి ఫారం నిన్న వచ్చింది. మరమ్మతులకు ఎంత వాడారు? సున్నా. దాత పేరు ప్రదర్శించారా? బస్సులో పోయేవాళ్లకు కూడా కనబడుతోంది. మా గ్రాంటు దీర్ఘకాలిక ప్రభావం ఏమిటి? "ఇప్పటిదాకా కారలేదు" అని రాసి సంతకం పెట్టాను.